పుట్టింటి చలిమిడి

నా తొలి కాన్పు యుద్ధం రోజుల్లో వచ్చింది. అంగళ్లలో బట్ట దొరికేది కాదు. కిరసనాయిలుకు వరసలో నిలబడాలి. చక్కెర సంగతి అందరం మరిచిపోయాం. అప్పుడు మేము రేణిగుంటలో ఉండేవాళ్లం. మా ఆయనకు రైల్వేలో పని. బండికి పెట్టెలు తగిలించడం, విప్పడం, జెండా ఊపడం. స్టేషను వెనకాల వరసగా కట్టిన చిన్న ఇళ్లలో మాకొకటి ఇచ్చారు. ఆ ఇంట్లో నేను, ఆయన, మా అత్త. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను నాయనే పెంచాడు. చిత్తూరికి కాస్త దూరంగా, వంక పక్కన మా పల్లె. కొంచెం చెరుకు, కొంచెం చెనక్కాయలు, ఒక జత ఎద్దులు. నాయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తోడబుట్టినవాళ్లు కూడా లేరు. నాకు జడ వేయడం, జ్వరమొస్తే కషాయం కాచడం, అన్నీ ఆయనే నేర్చుకున్నాడు. జడ మాత్రం ఎద్దుకు పలుపు పేనినట్టు బిగించి వేసేవాడు. కనుబొమలు పైకి లాక్కుపోయేవి.

మా వైపు ఏడో నెలలో పుట్టింటివాళ్లు చలిమిడి చేసుకొని వస్తారు. బియ్యం నానబెట్టి, దంచి, ఆ తడిపిండిని బెల్లం పాకంలో కలిపి చేసే మెత్తని తీపి. కడుపు చల్లగా ఉండాలని తల్లి తన చేత్తో చేసి తెచ్చి, కూతురి ఒళ్లో పెడుతుంది. తల్లి లేకపోతే పిన్నమ్మో వదినో తెస్తారు. నాకు వాళ్లెవరూ లేరు. ఈ సంగతి నాకు తెలుసు, అత్తకు తెలుసు, వీధిలో అందరికీ తెలుసు. అందుకే ఆరో నెల దాటినప్పటి నుంచి ఆ మాట ఎవరూ నా ముందు ఎత్తేవాళ్లు కారు. వాళ్లు ఎత్తకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

మా అత్తది కటువు మాట. పొయ్యి సరిగా మండకపోతే పొయ్యిని కూడా తిట్టేది. ఒకరోజు బియ్యం చెరుగుతూ, నా వైపు చూడకుండానే అంది:

"మ్మే, సలిమిడి నేనే చేస్తాలే. చేసి మూటగట్టి ఆ పక్కింటామె చేతికిస్తా. ఆమె తెచ్చి నీ ఒళ్లో పెడతాది. మీ ఊరినించి వచ్చిందనుకుంటారు."

"అబద్ధం కదత్తా?" అన్నాను.

"తీపే కదా. తింటే అరిగిపోతాది. దాన్ని యాడనించి వచ్చినావని ఎవురడుగుతారు?"

నేను సరేనన్నాను. అంతకంటే ఏం అనగలను? కానీ శ్రీమంతానికి అనుకున్న రోజుకు ముందురోజు మధ్యాహ్నం, చిత్తూరు వైపు నుంచి బండి వచ్చిన కాసేపటికి, వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. చూస్తే నాయన. నెత్తిన ఒక గంప, భుజానికి ఒక మూట. అంగీ చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆ రోజుల్లో బండ్లలో కాలు పెట్టే సందు ఉండేది కాదు. పాకాలలో ఇంజను నీళ్లు పట్టుకున్నంతసేపూ గంపను నెత్తిమీదే పెట్టుకొని నిలబడ్డాడట, కింద పెడితే ఎవరైనా తొక్కుతారని.

"ఏం పాపా, బాగుండావా?" అని నన్ను తేరిపార చూసి, వెంటనే మా అత్తవైపు తిరిగి, "అక్కా, సలిమిడి తెచ్చినా" అన్నాడు.

అత్త చేతిలో చేట అట్లానే ఆగిపోయింది. "ఎవురు చేసినారప్పా?"

"నేనే."

గంపలో పైన అరిటాకులు కప్పి ఉన్నాయి. ఆకులు తీస్తే బొరుగుల ఉండలు, చెనక్కాయల ఉండలు, నువ్వుల ఉండలు. అవి గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. వాటి కింద ఇత్తడి గిన్నెలో చలిమిడి. నాయన గిన్నెను నా ముందు పెట్టి, "తిను పాపా" అన్నాడు. నేను వేలితో తీయబోయాను. వేలు దిగలేదు. చెంచాతో గుచ్చాను. చెంచా వంగింది. అత్త గిన్నె అందుకొని తిరగేసి తట్టింది. చలిమిడి ముద్దంతా ఒకటే రాయిలా కదలకుండా గిన్నెకు అతుక్కొని ఉంది.

నాయన ముఖం వాడిపోయింది. చెరుకు గానుగ ఆడేటప్పుడు పెద్ద పెనం నిండా రసం కాచి, సరిగ్గా ఏ నిమిషానికి దించాలో నురగ రంగు చూసి చెప్పే మనిషి. ఆయన కాచిన బెల్లం కావాలని చిత్తూరు మండీలో అడిగి తీసుకునేవాళ్లు. అట్లాంటివాడికి గిన్నెడు పాకం కుదరలేదు. బెల్లం అచ్చులకు పట్టినట్టు ముదురు పాకం పట్టేశాడు.

"నాకు పెనం లెక్క తెలుసక్కా. గిన్నె లెక్క తెలీదు" అన్నాడు మెల్లగా.

అత్త ఏమంటుందోనని నాకు భయమేసింది. ఆమె గిన్నెను తీసుకుపోయి రోటి దగ్గర పెట్టి, రోకలితో గట్టిగా పోటు వేసింది. ఒక ముక్క ఎగిరి వాకిట్లో పడింది. ఇంకో ముక్క తీసి నోట్లో వేసుకొని దవడకు పెట్టుకుంది. కాసేపు చప్పరించింది. మేమిద్దరం ఆమెనే చూస్తున్నాం.

"ఏలకులు బాగా దంచినావు. నెయ్యి కూడా సరిపోయింది" అంది. తర్వాత ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. మా అత్త అట్లా నవ్వడం నేను కాపురానికి వచ్చాక అదే మొదలు. నాయన కూడా నవ్వాడు. నేను నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

"ఇది దాచిపెట్టు. బిడ్డకు పండ్లొచ్చినాంక కొరకతాది" అని, అత్త లేచి చేతులు కడుక్కుంది. "బియ్యం నానేస్తా. సూడప్పా, ఈసారి నా పక్కన కూర్చో. పాకం ఎప్పుడు దించాల్నో సెప్తా. చేసేది మాత్రం నువ్వే. పుట్టింటిది పుట్టింటోళ్ల చేత్తోనే కావాల."

ఆ సాయంత్రం మా వంటింట్లో నాయన గొంతుక్కూర్చుని పాకం కలిపాడు. అత్త పక్కన పీట వేసుకొని, నీళ్ల పళ్లెంలో పాకం చుక్క వేసి చూపించింది. చుక్క నీళ్లలో కరిగిపోకుండా వేళ్లకు మెత్తటి ఉండలా చిక్కితే చాలు, అది గట్టిపడేదాకా ఆగకూడదు. నాయన ఆ చుక్కను పసిబిడ్డ చేయి పట్టుకున్నంత జాగ్రత్తగా వేళ్ల మధ్య నలిపాడు. పిండి పోసి, గరిటె తిప్పి, నెయ్యి వేసి దించాడు. మరునాడు వీధిలో ఆడవాళ్లంతా కూర్చున్నాక, గాజులు తొడిగాక, ఆ చలిమిడి నా ఒళ్లో పెట్టింది నాయనే. మగవాడు అట్లా పెట్టడం ఎవరూ చూసి ఉండరు. ఒకామె ఏదో అనబోతే అత్త ఆమె నోట్లో ఒక నువ్వుల ఉండ పెట్టింది.

నాయన తెచ్చిన మూటలో ఉతికి ఉతికి మెత్తబడిన ఆయన పాత పంచెలున్నాయి. బిడ్డకు కింద వేయడానికి కొత్త బట్ట ఎక్కడా దొరకదని ఆయనకు తెలుసు. వాటి అడుగున అమ్మ చీర ఒకటి. చిన్న గళ్ల నేత చీర. నేను దాన్ని గుర్తుపట్టి ముఖానికి ఆనించుకున్నాను. పెట్టెలో వేసిన వేపాకు వాసన తప్ప ఇంకేమీ లేదు.

"దీన్ని బొంతకు పైబట్టగా వేస్తే బాగుంటాదేమోనని తెచ్చినా. నీకిష్టం లేకపోతే వొద్దులే" అన్నాడు నాయన.

అమ్మది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ చీర ఒకటే. దాన్ని కోయమనడానికి నోరు రాలేదు. అత్త దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. మడతల దగ్గర నూలు చిట్లుతోంది. "పెట్టెలో ఉంటే పెట్టెలోనే పొడి అయిపోతాది పాపా. కోసేది లేదు. నాలుగు మడతలు మడిచి, అట్లనే లోపల పంచెలు పరిచి కుట్టేస్తా. కత్తెర తగలనీను" అంది. నన్ను "పాపా" అని ఆమె పిలవడం నేను గమనించాను. నాయన పిలుపు విని నోటికి వచ్చిందేమో. ఆ తర్వాత అదే అలవాటైంది.

నాయన ఊరికి పోయాక మా ఇంట్లో కుట్టుపని మొదలైంది. దారం కూడా కరువే. పాత చీరల అంచులనుంచి పోగులు లాగి, రెండు మూడు కలిపి పేని, వాటితోనే అత్త బొంత కుట్టింది. చిన్న చిన్న కుట్లు, వానచినుకుల్లా వరసగా. పక్కింట్లో ఒక క్రైస్తవామె ఉండేది. ఆమె భర్త కూడా రైల్వేలోనే. చిన్నప్పుడు మిషను బడిలో చదువుకున్నప్పుడు ఆమె ఊలు అల్లడం నేర్చుకుందట. వాళ్లాయనది చిరిగిన పాత స్వెట్టరు ఒకటి విప్పి ఊలు ఉండ చేసి నాకిచ్చింది. అల్లడానికి సూదులు లేవు. విరిగిన గొడుగు కమ్ములు రెండు తెచ్చి, కొనలను బండకు అరగదీసి నునుపు చేసింది.

"వానకాలం బిడ్డ. తలకు టోపీ లేకపోతే జలుబు పట్టుకుంటాది" అని, నా చేతుల మీద తన చేతులు పెట్టి అల్లిక నేర్పింది. నేను అల్లిన మొదటి టోపీ మా ఆయన గుప్పిటకు కూడా పట్టలేదు. రెండోది మా ఆయన తలకే సరిపోయింది. దాన్ని ఆయన పెట్టుకొని ఇంట్లో తిరుగుతుంటే నవ్వలేక పొట్ట పట్టుకొని కూర్చున్నాను. మూడోసారి కుదిరింది.

మా ఆయన కూడా ఊరికే ఉండలేదు. చీర ఉయ్యాల కడితే, లోపల బిడ్డ ముఖం మీద బట్ట ముడుచుకోకుండా పైన అడ్డంగా ఒక కర్ర పెడతారు. ఆ కర్ర తాను చేస్తానన్నాడు. వేపకొమ్మ ఒకటి తెచ్చి, డ్యూటీ దిగి వచ్చాక రోజూ వాకిట్లో కూర్చుని కత్తితో చెక్కేవాడు. రెండు చివర్లలో రెండు చిలకలు చెక్కాడు. అయిందని తెచ్చి చూపించినప్పుడు అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కాకులు బాగా కుదిరినాయి" అంది. ఆయన పోయి, ఎక్కడో కొంచెం ఆకుపచ్చ రంగు సంపాదించుకొని వచ్చి వాటికి పూశాడు. అప్పటికి అవి పచ్చని కాకులయ్యాయి. కానీ కర్రను ఎంత నునుపు చేశాడంటే, చేత్తో తడిమితే ఎక్కడా ఒక్క పేడు తగిలేది కాదు.

తొమ్మిదో నెల దగ్గరపడింది. కాన్పుకు ఎక్కడ ఉండాలన్న మాట వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. నాయన వచ్చి, "పిల్సుకోని పోదామని వచ్చినా అక్కా" అన్నాడు. ఇల్లంతా సున్నం కొట్టించాడట, ఎండు కట్టెలు పేర్చాడట, పాలకు ఆవును తోలుకొచ్చాడట. అత్త అన్నీ విన్నది.

"అన్నీ బాగుండాయప్పా. ఆడదిక్కు లేని ఇంట్లో కాన్పు ఎట్ట? నొప్పులొస్తే నువ్వు వాకిట్లో నిలబడాల్సిందే కదా. లోపల దీని చెయ్యి పట్టుకునేదెవురు?"

నాయన తల వంచుకున్నాడు. "మంత్రసానమ్మకు సెప్పి పెట్టినా" అన్నాడు. కానీ ఆ మాట ఆయనకే చాలినట్టు లేదు. ఇక నన్ను రేణిగుంటలోనే ఉంచేస్తారనుకున్నాను. పుట్టిల్లు అనే భాగ్యం నాకింతే అనుకొని, గోడవైపు తిరిగి కూర్చున్నాను. అప్పుడు అత్త లేచి, దండెం మీది తన రెండు చీరలు తీసి మడతపెట్టింది.

"నేనూ వస్తా" అంది.

అత్త కోడలి వెంట కాన్పుకు కోడలి పుట్టింటికి పోవడం ఎవరూ విని ఎరగరు. మా ఆయన, "మరి నాకు అన్నం?" అన్నాడు.

"పొయ్యి ఆడుండాది. బియ్యం ఈడుండాయి. చేతులు నీకుండాయి" అని అత్త మూట కట్టేసింది.

మా పల్లెలో ఆ సంగతి పెద్ద వింతైపోయింది. నీళ్లకు పోయిన ఆడవాళ్లు మా ఇంటిముందు నెమ్మదిగా నడిచేవాళ్లు. ఒకామె ధైర్యం చేసి లోపలికే వచ్చి అడిగింది:

"ఏమక్కా, వియ్యంకుడింట్లో వచ్చి కూర్చున్నావే, నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురిలో కాన్పు చేసేదానికి ఒగరు వస్తారా? వస్తే నేను పొయ్యి పడుకుంటా" అంది అత్త. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. పైగా మునగాకు, నాటుకోడి గుడ్లు, పాత బెల్లం, ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చిపోయారు. అత్త నాకోసం కాయం తయారుచేయడం మొదలుపెట్టింది. శొంఠి, పిప్పళ్లు, వాము దంచి బెల్లంలో ఉడికించి బాలింతకు ఉండలుగా పెడతారు. దంచడం నాయన పని. ఘాటుకు కళ్లనుంచి నీళ్లు కారుతున్నా రోకలి ఆపేవాడు కాదు. తీరికున్నప్పుడు తాటాకులతో గిలక అల్లి, లోపల కందిగింజలు పోసి ఆడించి చూసుకునేవాడు. పుట్టని బిడ్డకోసం ఇంట్లో అప్పటికే రకరకాల గిలకలు చేరిపోయాయి.

కార్తీకం వచ్చింది. వాన పట్టుకుంది. నిలువునా కురిసే వాన కాదు, ఆగి ఆగి, మళ్లీ వచ్చి, నేలంతా చిత్తడి చేసే వాన. అట్లాంటి ఒక ఉదయం నాకు నొప్పులు మొదలయ్యాయి. అత్త నీళ్లు కాగబెట్టి, "పొయ్యి మంత్రసానిని పిల్సుకురాప్పా" అని నాయనను పంపింది. మంత్రసాని ఇల్లు వంకకు అవతలి గూడెంలో. మామూలు రోజుల్లో ఆ వంకలో పాదాలు తడిస్తే ఎక్కువ. నాయన పోయి చూస్తే వంక ఎర్రగా ఒడ్డులు ఒరుసుకుంటూ పారుతోంది. నడుములోతు పైనే. తాను ఎట్లాగో ఈదగలడు. కానీ మంత్రసాని ముసలామె, పిట్టంత మనిషి. ఆమెను ఆ నీళ్లలో నడిపించుకొని రావడం జరిగే పని కాదు.

అప్పుడు జరిగింది నేను కళ్లతో చూడలేదు. తర్వాత ఎంతోమంది ఎన్నో రకాలుగా చెప్పగా విన్నాను. వంక ఒడ్డునే గానుగ పాక. గానుగ ఆడే కాలం కాదు గనక, బెల్లం కాచే పెనం అక్కడ బోర్లించి ఉంది. బండి చక్రంకంటే వెడల్పు, అంచు మోకాలెత్తు, అడుగు చదును. నాయన ఇద్దరు రైతులను కేకేసి, పెనాన్ని నీళ్లలోకి దించాడు. అది తేలింది. దాని కడియాలకు మోకులు కట్టారు. ఒక మోకు ఒడ్డున చెట్టుకు చుట్టి ఒకాయన పట్టుకున్నాడు. నాయన, ఇంకొకాయన పెనం అంచు పట్టుకొని అవతలికి చేరారు. నాయన పోయి మంత్రసానిని పిలుచుకొచ్చాడు. ఆమె పెనాన్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడిందట.

"నన్ను దీంట్లో ఏసి పాకం కాస్తావా అప్పా?"

"ఎక్కు అవ్వా. ఆడ పాప ఒక్కతే ఉండాది."

"ఒక్కతే ఎట్టుంటాది? మీ వియ్యపురాలుండాదంట కదా?"

"ఉండాది. అయినా నువ్వు రావాల."

ఆమె కొంగు నడుముకు దోపుకొని పెనంలో కూర్చుంది. గుండెల్లోతు నీళ్లలో ఇద్దరు మగవాళ్లు పెనాన్ని చెరోపక్క పట్టుకొని, మోకు లాగించుకుంటూ ఇవతలి ఒడ్డుకు తెచ్చారు. నడుమన ఒకసారి పెనం గిర్రున తిరిగిందట. ఆమె కళ్లు మూసుకొని ఏడుకొండలవాడిని తిట్టిందట. ఒడ్డు చేరాక కళ్లు తెరిచి, మళ్లీ ఆయనకే దండం పెట్టిందట.

ఇంట్లో నాకు ఇదేమీ తెలియదు. అత్త నా వెనక గోడకు ఆనుకొని కూర్చుని, నన్ను తన గుండెకు ఆనించుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా పళ్లు బిగబట్టి ఊరుకుంటున్నాను. అత్తగారి ముందు అరవకూడదనే సిగ్గు.

"అరువు పాపా. ఎందుకు బిగబట్టుకుంటావు? ఊరంతా ఇననీ. ఎవురికోసం ఈ సిగ్గు?" అంది చెవిలో.

అప్పుడు అరిచాను. "అమ్మా" అనే అరిచాను. ఆ పిలుపు పిలిచి ఎన్నేళ్లయిందో. "ఆఁ, ఈడే ఉండా" అంది అత్త. అది జవాబో, అలవాటుగా నోటికి వచ్చిన మాటో నాకు తెలియదు. ఆమె చేయి మాత్రం నా చేతిని వదల్లేదు. నా గోళ్లు ఆమె అరచేతిలో దిగిన గుర్తులు చాలా రోజులు ఉన్నాయి.

మంత్రసాని తడిసిన చీరతోనే లోపలికి వచ్చి, చేతులు వేడినీళ్లతో కడుక్కొని పనిలో దిగింది. మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చినప్పుడు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. బయట నాయన పంచె పిండుకుంటూ నిలబడి ఉన్నాడట. ఏడుపు విని అక్కడే బురదలో కూర్చుండిపోయాడట. అత్త బిడ్డను ఆయన పాత పంచె ముక్కలోనే చుట్టి వాకిలి దగ్గరికి తీసుకుపోయి చూపించింది.

"ఆడబిడ్డప్పా. ముక్కు నీదే, పాపం."

ఆయన నవ్వడం లోపలికి వినపడింది. ఆ నవ్వు వింటూ నేను నిద్రపోయాను.

వంక తగ్గాక నాయన చిత్తూరు స్టేషనుకు పోయి, రేణిగుంట వైపు పోయే బండి గార్డుకు కబురు చెప్పి పంపాడు. రైల్వేవాళ్లు ఒకరినుంచి ఒకరు కబుర్లు అట్లా చేరవేసుకునేవాళ్లు. పాకాలలో గార్డు మారాడు. కబురు కూడా మారి, మగబిడ్డ అయి కూర్చుంది. మా ఆయన సెలవు దొరకగానే వచ్చాడు. చేతిలో చిలకల కర్ర, జేబులో నేనల్లిన టోపీ. లోపలికి వస్తూనే, "ఏడీ నా కొడుకు?" అన్నాడు. అత్త బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది. కాసేపటికి ఆయనకు సంగతి అర్థమైంది. బిడ్డ ముఖంలోకి చూసి, "ఏమమ్మా, పాకాలలో నిన్ను మార్చేసినారే" అన్నాడు. అంతే. ఆ క్షణంలో ఆయన ముఖం వైపు నేను ఎంత భయంగా చూశానో, ఆ మాటతో అంత తేలికపడ్డాను. ఇప్పటికీ ఆ ఒక్క మాటకు ఆయనకు నేను రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

ఉయ్యాల వేసే రోజున దూలానికి చీర కట్టి, చిలకల కర్ర పెట్టి, అమ్మ చీర బొంత పరిచారు. బిడ్డను మొదట ఉయ్యాలలో వేసేది అమ్మమ్మ. ఆడవాళ్లందరూ అత్తవైపు చూశారు. ఆమె ఉన్నది కాబట్టి ఆమే వేస్తుందనుకున్నారు. అత్త బిడ్డను ఎత్తి, వాకిట్లో నిలబడి ఉన్న నాయనను లోపలికి పిలిచింది.

"రాప్పా. ఇది నీ వంతు."

"నేనా? ఆడోళ్లు చేసేది కదక్కా?"

"తల్లీ తండ్రీ రెండూ నువ్వే అయి పెంచినావు. ఈ పొద్దు ఒకటే అవతావా ఏంది?"

నాయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు. బిడ్డను తీసుకొని, పాకం పొయ్యిమీదనుంచి దించినంత నిదానంగా వంగి ఉయ్యాలలో పడుకోబెట్టాడు. నాలుగుసార్లు ఊపి, పాట రాక, ఎద్దులను తోలేటప్పుడు చేసే చిన్న సద్దు ఒకటి నోటితో చేశాడు. అందరూ నవ్వారు. బిడ్డ మాత్రం దానికే నిద్రపోయింది.

అత్త మాతోపాటు మా పల్లెలో చాలా రోజులు ఉండిపోయింది. నాకు పథ్యం వండింది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి కాటుక పట్టింది. రోజూ బిడ్డకు నలుగు పెట్టి, కాళ్లమీద పడుకోబెట్టుకొని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసింది. తిరిగి పోయే ముందు రోజు నేను ఆమెను అడిగాను, నావెంట ఎందుకు వచ్చావత్తా అని. ఏదైనా పెద్ద మాట చెబుతుందని నాకు ఆశ.

"వాడికి వండిపెట్టి వండిపెట్టి ఇసుగొచ్చింది. అందుకొచ్చినా" అంది. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ఆమె కన్నుమూసేదాకా ఆ సంగతి మళ్లీ మా మధ్య రాలేదు. మా ఇద్దరికీ మాటలు అంతంత మాత్రమే. చేతులతోనే చాలా చెప్పుకున్నాం అనిపిస్తుంది. నా తర్వాతి కాన్పులన్నిటికీ ఆమే ఉంది. నా కూతురు, ఇద్దరు కొడుకులు ఆమె కాళ్లమీద నీళ్లు పోయించుకొని పెరిగారు. తల్లి లేని పిల్లనని నన్ను జాలిగా చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. జాలిపడకుండా మూట కట్టుకొని వెంట వచ్చినది ఆమె ఒక్కతే.

రేణిగుంటకు మేము తిరిగి చేరింది మిట్టమధ్యాహ్నం. పక్కింటి క్రైస్తవామె బిడ్డను నా చేతుల్లోంచి లాక్కున్నట్టే తీసుకొని, దిష్టి తగలకుండా చెంపన చుక్క ఉందో లేదో చూసి, తన దేవుడికి ప్రార్థన చేసింది. ఇంట్లో మా ఆయన వంట చేసి పెట్టాడు. రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి. ఇన్నాళ్లూ ఒక్కడే వండుకొని నేర్చుకున్నాడట. సంగటి అక్కడక్కడా ఉండలు కట్టింది. ఊరుబిండిలో కారం ఎక్కువైంది. ఆయన వడ్డించి, పక్కన నిలబడి, మా ముఖాలు చూస్తున్నాడు. అత్త ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. నేను ఆమె నోటినుంచి వచ్చే మాటకోసం చూస్తూ కూర్చున్నాను.

ఆమె మంచినీళ్లు తాగి, కళ్లు తుడుచుకొని, మళ్లీ కొంచెం పెట్టమని పళ్లెం ముందుకు జరిపింది.